నా పిడికెడు లచ్చవ్వ వేసింది

నేలమీద పడ్డ సూదిని వంగి తీసుకోలేకపోయిన రోజున నా ఒంట్లో ఏదో తేడా వచ్చిందని మొదటిసారి అనిపించింది.

మాది అమీర్‌పేటలో దర్జీ ఇల్లు. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో మేము, దాని వెనక వంటకు చిన్న పంచ. మా ఆయన దావీదు బట్ట కత్తిరించి కుడితే, నేను కాజాలు కుట్టి గుండీలు వేసేదాన్ని. సూదులు కిందపడటం, తీసుకోవడం మా ఇంట్లో రోజూ ఉండేదే. ఆ రోజు సూది కోసం వంగబోతే వీపు మధ్యలో ఎవరో కర్ర అడ్డం పెట్టినట్టు ఆగిపోయాను. నొప్పి పెద్దగా లేదు, వంగడం రాలేదంతే. మోకాలి మీద చేయి ఆనించి, వీపు నిటారుగా ఉంచుకుని కిందికి దిగి, పక్కకు చేయి చాపి సూది అందుకున్నాను.

మా ఆయన చూసి, "ఏందే, దొరసాని లెక్క కూసుంటున్నవ్?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నా పేరు దీనమ్మ. పేరులో ఉన్న దీనత్వం మనిషిలో వెతికినా దొరకదని మా ఆయన అంటుంటాడు. నిజమే, నాకు నోరెక్కువ, కోపమూ ఎక్కువే. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళు జబ్బులో కూడా తమ విశ్వాసం రవ్వంత చెదరలేదని రాస్తుంటారు. చదివినప్పుడల్లా నాకు వాళ్ళమీద అసూయ కలుగుతుంది. నా విశ్వాసం చెదిరింది. చెదిరినదాన్ని ఎవరు పట్టుకున్నారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సూది సంగతి జరిగిన కొన్ని వారాలకు సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. అన్నం సహించేది కాదు. రవికలు వదులైపోతుంటే మా ఆయన ఏమీ అనకుండా పక్క కుట్లు లోపలికి వేసి ఇచ్చేవాడు. ఆ మాట అనకపోవడం చూసే నాకు భయం వేసింది. వీపు పట్టేసిందని వాడలో ఒక ముసలమ్మను పిలిపించాం. ఆమె వేడి ఆముదం రాసి, మోకాలు నా నడుం మీద ఆనించి, రెండు భుజాలు పట్టి వెనక్కి లాగింది. ప్రాణం పోయినంత పనైంది. "నరం ఎక్కింది, దిగుతది," అంది. మూడుసార్లు తోమించుకున్నాను. ఒక ఉదయం మా ఆయన నా వీపు మీద చేయి పెట్టి చూసి, వెన్నుపూస ఒకటి గుండీలాగా బయటికి తగులుతోందన్నాడు. మరునాడే దుకాణం మూసేసి జట్కా మాట్లాడాడు.

పంజాగుట్ట ఎత్తు దిగి, ఎర్రమంజిల్ మీదుగా, లక్డీకాపూల్ దాటి నగరంలోని పెద్ద దవాఖానకు చేరేవరకు ఆ జట్కా ప్రతి రాయినీ నా వీపుకు చెబుతూనే ఉంది. అక్కడ ఎక్స్‌రే తీశారు. డాక్టరు పెద్దాయన, మాట నెమ్మది. ఎక్స్‌రేను కిటికీకి పట్టి మా ఇద్దరికీ చూపించాడు. గవ్వలు పేర్చినట్టు వరసగా ఉన్న ఎముకల్లో ఒకచోట రెండు నలిగిపోయి ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉన్నాయి.

"కేరీస్ స్పైన్ అంటం అమ్మా. ఎన్నుపూసకు టి.బి.," అన్నాడు. "తోమించిన్రా?"

తోమించామని చెప్పాను.

"ఇంకోసారి ఎవరన్న ఈమె వీపు మీద చెయ్యి వేస్తే మీరు నా దగ్గరికి రావద్దు," అని మా ఆయన వైపు చూశాడు. తరవాత నన్ను అడిగాడు, "దగ్గే మనిషి దగ్గర ఎన్నడన్న మస్తు రోజులు ఉన్నవా?"

ఉన్నాను. మా సంఘంలో ఒక విధవరాలు ఏడాది కిందట దగ్గుతో మంచం పట్టింది. ఆమెకు ఎవరూ లేరు. పొద్దునా సాయంత్రం వెళ్ళి ఆమె ఉమ్మిన గిన్నె కడిగి, జావ తాగించేదాన్ని. చివరికి నా ఒడిలోనే ఆమె కన్నుమూసింది. నేను మంచిదాన్నని నేనే చెప్పుకుంటే బాగుండదు గాని, ఆ పని మాత్రం మంచి మనసుతోనే చేశాను. డాక్టరు ఆ సంగతి విని తల ఊపాడు. "అక్కడి నుంచే అని చెప్పలేం. కావచ్చు," అన్నాడు. ఆ 'కావచ్చు' నాలో ముల్లులాగా దిగబడిపోయింది.

వైద్యం ఒక్కటే, కదలకుండా పడుకోవడం. ఏడాదో, ఇంకా పైనో. దవాఖానలో నన్ను బోర్లా పడుకోబెట్టి, వీపు మీద మెత్తటి గుడ్డ పరిచి, తడి ప్లాస్టర్ పట్టీలు మెడ నుంచి తొడల దాకా వేశారు. అది వేడెక్కి, గట్టిపడి, నా వీపు ఆకారంలో ఒక డిప్ప తయారైంది. దాన్ని తీసి ఎండబెట్టి, అంచులు కోసి, లోపల దూది పరిచి, అందులో నన్ను వెల్లకిలా పడుకోబెట్టారు. దాని పేరు ప్లాస్టర్ బెడ్. మా ఆయన చుట్టూ తిరిగి చూసి, వృత్తిధర్మం ఊరుకోక, "ఎడమ భుజం కాడ జర లూజున్నది డాక్టర్ సాబ్," అన్నాడు. డాక్టరు వేలు పెట్టి చూసి, నిజమేనని ఇంకొంచెం దూది పెట్టించాడు. మా ఆయన ఆ మాట ఇప్పటికీ గిరాకీలకు చెప్పుకుంటాడు.

కొన్ని వారాల తరవాత మంచం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇంట్లో పడుకున్నా ఇదే వైద్యమన్నారు. "ఎండ, పాలు, గుడ్డు, చేపనూనె. అన్నిటికన్న పెద్ద దవా ఓపిక," అన్నాడు డాక్టరు. ఎడ్లబండిలో గడ్డి మెత్తగా పరిపించి, నన్ను డిప్పతో సహా ఇంటికి తెచ్చారు. దారి పొడుగునా ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. బేగంపేట వైపు విమానం ఒకటి పోతుంటే, నాలాగా పడుకున్నవాళ్ళకే అది బాగా కనబడుతుందని అనుకున్నాను.

ఇక లచ్చవ్వ సంగతి. ఆమెది మా పక్క ఇల్లు. మొగుడు రాజయ్య సిరిసిల్ల దిక్కున మగ్గం నేసేవాడు. అక్కడ బతుకు సాగక పట్నం వచ్చి మా ఆయన దగ్గరే కుట్టుపనిలో చేరాడు. లచ్చవ్వకు ముగ్గురు పిల్లలు, నాకంటే చాలా చిన్నది. నన్ను దీనక్కా అని పిలుస్తుంది. శుక్రవారం ఇల్లలికి గడపకు పసుపు రాసి దీపం పెట్టుకునే మనిషి. మా ఇంటికి బండి వచ్చిన రోజే మా వంట పంచలోకి వచ్చి కొంగు బిగించింది. "నీకు రంది ఎందుకక్కా, మా ఇంట్ల వండుకుని వచ్చి ఈడ సుత ఒండిపోత," అంది. రోజూ పొద్దున మా ఇంట్లో అన్నం వండటం ఆమె పనైపోయింది. మా ఆయన నాకు పాలు పట్టడం, ఒళ్ళు తుడవడం, మంచం ఎండలోకి లాగడం చేసేవాడు. ఆదివారాలు దుకాణం ఉండదు కాబట్టి, నన్ను జాగ్రత్తగా బోర్లా తిప్పి వీపు కడిగి పౌడరు వేసే పని ఆ రోజుకు పెట్టుకున్నాడు. అందుకని మందిరానికి వెళ్ళడం మానేశాడు.

మా సంఘంలో పిడికెడు బియ్యం అనే ఆచారం ఉంది, చాలామంది పాఠకులకు తెలిసే ఉంటుంది. ఎసరు పెట్టాక, బియ్యం కడగబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి, "ప్రభువా, ఇది నీది," అని వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని తీసుకెళ్ళి మందిరం గుమ్మం దగ్గర గోనెసంచిలో పోస్తుంది. పంజాగుట్ట దిగువన ఉన్న మా మందిరంలో ఆ సంచి దగ్గర పాస్టరుగారి భార్య కూర్చునేది. ఒకరి సన్నబియ్యం, ఒకరి దొడ్డుబియ్యం, ఒకరి నూకలు అన్నీ అందులో కలిసిపోయి, తిండి లేని ఇళ్ళకు వెళ్ళేవి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్క పూట కూడా ఆ పిడికెడు తప్పలేదు. మేము పస్తున్న రోజున వేయలేదు, ఎసరే పెట్టలేదు కనుక.

లచ్చవ్వ వంటకు వచ్చిన మొదటి రోజు ఈ సంగతి నేనే చెప్పాను. ఆమె ముందే చూసింది కనుక వెంటనే, "ఎరుకే, నువ్వు ఏమో గొణుక్కుంట ఏస్తవు గదా," అంది. ఆదివారం మందిరానికి తీసుకెళ్ళి పోసేదీ ఆమే. అలా కొన్నాళ్ళు నడిచింది.

పలకరింపులకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. సంఘపెద్దగారి భార్య రత్నమ్మ వచ్చి నా మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కాసేపు ప్రార్థన చేసి, నా చేయి పట్టుకుని, "మనసుల దాపెట్టిన పాపమేమన్న ఉంటే ఒప్పుకో చెల్లె. దేవుడు ఊకెనే కొట్టడు. పిల్లలు సుత లేకపాయె నీకు," అంది.

ఆమె వెళ్ళాక రోజంతా పెంకుల వైపు చూస్తూ నా పాపాలు వెతుక్కున్నాను. పడుకున్న మనిషికి ఇంకేం పని? నా నోరే నా పాపమైతే దేవుడు నోటికే ఏదో ఒకటి చేయాలి గాని వెన్నెముక జోలికి రావడమెందుకు? పిల్లల్ని ఇవ్వలేదు, సరే అనుకున్నాను. దిక్కులేని మనిషి గిన్నె కడిగిన చేతులకు ఇదా ప్రతిఫలం? ఆ రత్నమ్మ అదే విధవరాలి గుమ్మం కూడా తొక్కలేదు, ఆమె వీపు మాత్రం నిట్రాటలాగా ఉంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దేవుడి మీద అంత కోపం రావచ్చని అంతవరకు నాకు తెలియదు.

ఆ వారంలోనే కాళ్ళు మొద్దుబారాయి. మొదట అరికాళ్ళు తిమ్మిరెక్కాయి, తరవాత వేళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. మా ఆయన పరుగెత్తి డాక్టరును జట్కాలో తీసుకొచ్చాడు. ఆయన చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి, అరికాళ్ళ మీద తాళంచెవి గీసి చూశాడు. "లోపల కోల్డ్ ఆబ్సెస్, అంటే చీముగడ్డ ఉన్నది. అది నరాల మీద ఒత్తుతున్నది. అది ఇంకిపోతే కాళ్ళు రావచ్చు," అన్నాడు.

"రాకపోతే?" అన్నాను.

"రాకపోవచ్చు సుత," అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆ పూట ఆయన్ని తిట్టుకున్నాను, తరవాత చాలాసార్లు మెచ్చుకున్నాను.

మరునాడు పొద్దున లచ్చవ్వ ఎసరు పెడుతుంటే పిలిచి చెప్పాను. "ఇయ్యాల్టి నుంచి పిడికెడు తియ్యకు. ఆ కుండ బోర్లించు."

"ఎందుకక్కా?"

"ఆయనకు ఏసింది చాలు. ఆయన నాకు ఏసింది సుత చాలు."

ఆమె కుండ కడిగి అటక మీద బోర్లించిన చప్పుడు వినబడింది. ఆ రోజు నుంచి ప్రార్థన కూడా మానేశాను. మా ఆయన భోజనానికి ముందు కళ్ళు మూసుకుంటే నేను తెరిచే ఉంచేదాన్ని. ఆయన అది చూశాడు. నాకు విసుగు పుడుతోందని కనిపెట్టి, దుకాణంలో గిరాకీలు కోటు వేసుకుని చూసుకునే నిలువుటద్దం తెచ్చి నా మంచానికి ఎదురుగా కొంచెం వంచి వేలాడదీశాడు. దానికి తాడు కట్టి కొస నా చేతికిచ్చాడు. తాడు లాగితే అద్దం తిరిగేది. ఒకవైపు తిప్పితే రోడ్డు కనబడేది. రాళ్ళబండ్లు, జట్కాలు, ఎర్రమంజిల్ దొరల మోటార్లు అన్నీ నాకోసమే పోతున్నట్టుండేది. రెండోవైపు తిప్పితే వంట పంచ. పొగ తప్ప చూడటానికేముందని ఆ వైపు ఎన్నడూ తిప్పలేదు.

అలా చాలా నెలలు గడిచాయి. వేసవి పోయింది, వానలు వచ్చి పోయాయి. కాళ్ళలో మార్పు లేదు. నేను దేవుడితో మాట్లాడలేదు, ఆయనా నాతో మాట్లాడలేదు.

ఒక రోజు పాస్టరుగారు వచ్చారు. ఆయనది గుంటూరు వైపు, మనిషి మెత్తన. అంతకుముందు రెండుమూడుసార్లు వచ్చినప్పుడు నేను నిద్రపోతున్నట్టు నటించాను. ఈసారి ఎండలో మంచం వేసి ఉండటంతో దొరికిపోయాను.

"ఏంటమ్మా, ఎలా ఉన్నారు?" అని పీట మీద కూర్చున్నారు. "మొన్న ఆదివారం ప్రసంగంలో మీ పేరే చెప్పానండి. ఇంత కష్టంలో కూడా మీరు పిడికెడు మానలేదు. ప్రతి వారం మీ పక్కింటావిడ చేత పంపిస్తున్నారని మా ఆవిడ చెప్పింది. వింటుంటే చాలామంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడం పాస్టరుగారు అదే మొదటిసారి చూడటం. అది నా వినయమనుకున్నట్టున్నారు. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే మా ఆయన్ని కేకేశాను. "ఏమయ్యా, లచ్చవ్వతో మందిరానికి బియ్యం పంపుతున్నది నువ్వేనా?"

"నాకేం ఎరుక లేదు. ఏం బియ్యం?" అన్నాడు. ఆయన ముఖం చూస్తే అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. అది అబద్ధం కాదు.

మరునాడు పొద్దున లచ్చవ్వ రాకముందే తాడు లాగి అద్దాన్ని వంట పంచ వైపు తిప్పి పెట్టాను. ఆమె వచ్చింది. పొయ్యి రాజేసి ఎసరు పెట్టింది. మా బియ్యం డబ్బాలోంచి చేటలోకి బియ్యం పోసి, రాళ్ళు ఏరి, కడగబోయే ముందు ఆగింది. నా గది వైపు ఒకసారి చూసింది. కొంగు చాటు నుంచి చిన్న సత్తు డబ్బా తీసి, చేటలోంచి నిండు పిడికెడు తీసి అందులో వేసి, పెదవులు కదిలించి, డబ్బాను మళ్ళీ కొంగు చాటుకు చేర్చింది.

"లచ్చవ్వా!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడి అద్దంలోకి చూసింది. అందులో నా కళ్ళు కనబడ్డాయి. చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా మంచం దగ్గరకు వచ్చి నిలబడింది.

"వద్దన్న గదా నేను? కుండ బోర్లించమన్న గదా?"

"బోర్లిచ్చిన. కుండల ఏస్తలేను గదా, డబ్బల ఏస్తున్న."

"నా బియ్యం, నా మాట లేకుండ..."

"నీ బియ్యమే అక్కా. నా ఇంట్ల బియ్యం ఏస్తే నీది ఎట్లయితది?"

"ఎందుకేస్తున్నవే? మీ దేవుడు సుత కాడు గదా!"

లచ్చవ్వ నా వైపు వింతగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "దేవుని వాటా అని నువ్వే చెప్తివి. ఇన్నేండ్లు తీసింది నడుమల ఆపితే మంచిగుంటదా? ఆయనతోటి కొట్లాట నీకు. నాకేం కొట్లాట లేదు. నీది అయ్యేదాకా నేనేస్త. నీ ఫికర్ నువ్వు చేస్కో."

నేను ఊరుకోక, "వేసేటప్పుడు ఏమో అంటున్నవు. ఏమంటున్నవ్?" అని అడిగాను.

ఆమె కొంచెం సిగ్గుపడింది. "నువ్వు గొణిగేది నాకు రాదు గదక్కా. 'ఇది దీనక్కది' అంటున్న. గంతే."

నాకు ముందు నవ్వు వచ్చింది. ప్లాస్టర్ డిప్పలో పడుకుని నవ్వడం ఎంత కష్టమో పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది, పక్కటెముకలు అంచులకు కొట్టుకున్నాయి. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చింది. కాళ్ళు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. లచ్చవ్వ బెదిరిపోయి, "ఏమైందక్కా, నొస్తున్నదా?" అని కొంగుతో నా ముఖం తుడిచింది. నొప్పి లేదని చెప్పాను. నేను మాట్లాడని ఆ నెలలన్నిటిలో, ప్రతి పొద్దునా ఒక మనిషి నా పేరు ఆయన ముందు చెబుతూనే ఉంది. నేను తలుపు వేసుకున్నాననుకున్నాను. ఈ పిల్ల పక్క తలుపు తీసి పెట్టింది. నాకు చాలా సంతోషమైంది, అది దాచుకోను.

ఆ మరునాడు నా కాళ్ళు కదిలాయని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. కదల్లేదు. ఆ నెలంతా కదల్లేదు. కాని పాస్టరుగారిని పిలిపించి నిజం చెప్పాను. "మీరు సంఘంలో మెచ్చుకున్నది నన్ను కాదండీ, మా లచ్చవ్వను," అన్నాను.

ఆయన నవ్వారు. అప్పుడు నేను అడగదలచింది అడిగాను. "నాకే ఎందుకండీ ఇది? చెడ్డపని చేసి తెచ్చుకున్నా బాగుండేది. మంచిపనికి పోయి తెచ్చుకున్నాను."

"నాకు తెలియదమ్మా," అన్నారాయన. "మా పెద్దాడు టైఫాయిడ్‌తో పోయినప్పుడు నేనూ అడిగాను. అప్పుడు కూడా ఆదివారం ఆదివారం ప్రసంగం చెప్పాను, నేను చెప్పింది నాకే వినబడేది కాదు. సంఘం పాడుతుంటే నిలబడేవాణ్ణి, అంతే. వాళ్ళ పాట మీద ఆనుకుని నిలబడ్డానని ఇప్పుడనిపిస్తుంది. జవాబు మాత్రం ఇంతవరకు రాలేదండి."

దాచుకున్న పాపం సంగతి ఆయన ఎత్తలేదు. ఆ రోజు ఆయన ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకున్నాను. నాకు ఏ జవాబూ దొరకలేదు, కోపం కూడా పూర్తిగా పోలేదు. కోపంతోనే మాట్లాడటం మొదలుపెట్టాను. మాట్లాడకుండా ఉండటం కంటే అది హాయిగా ఉంది.

చలికాలం వెళ్ళబోయే ముందు ఒక పొద్దున ఎడమ బొటనవేలి మీద ఈగ వాలితే దురద పెట్టింది. ఇల్లు ఎగిరిపోయేలా కేకవేశాను. మా ఆయన కత్తెరతో సహా పరుగెత్తుకొచ్చాడు. ఈగను తోలబోతే, "ముట్టకు, ఉండనియ్యి," అన్నాను. ఆ తరవాత అంగుళం అంగుళం చొప్పున కాళ్ళు వచ్చాయి. డాక్టరు కొత్త ఎక్స్‌రే తీయించి చూసి, రెండు పూసలూ ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడ్డాయన్నాడు. "ఇట్లనే గట్టిగుంటది. కాని వీపు కొంచెం వంకరనే ఉంటది అమ్మా, అది పోదు," అన్నాడు. పోకపోతే పోనీ అన్నాను. తోలు, ఇనుప పట్టీలతో చేసిన బ్రేస్ కట్టించి నిలబెట్టారు. ఏడాది పైన ఆకాశం చూసిన మనిషిని కదా, నిలబడగానే నేల చాలా దూరంగా కనబడి కళ్ళు తిరిగాయి. మొదట మా ఆయన భుజం, తరవాత గోడ, తరవాత ఒక చేతికర్ర. ఇంట్లోంచి వంట పంచకు నా అంతట నేను నడిచిన రోజు, ఈ పూట అన్నం నేనే వండుతానన్నాను.

లచ్చవ్వ ఎసరు పెట్టిచ్చి పక్కకు జరిగింది. అటక మీద బోర్లించిన కుండను అంతకుముందే దించి, దులిపి, పొయ్యి పక్కన పెట్టి ఉంచింది.  చేతులు కట్టుకుని నిలబడి పొయ్యిలోని మంట వైపు చూస్తున్నట్టు నటించింది, చూపు మాత్రం నా చేయి మీదే ఉంది. నేను చేటలో చేయి పెట్టాను. ఎన్ని వేలసార్లు చేసిన పనో అది. జబ్బుతో వేళ్ళు సన్నబడ్డాయి, పిడికిట్లో ఎంతో పట్టలేదు. "ప్రభువా, ఇది..." అని ఆగాను. మళ్ళీ, "ఇది మా ఇద్దరిది," అన్నాను. కుండలో వేశాను.

లచ్చవ్వ కుండలోకి తొంగి చూసి, "గింతేనా అక్కా? నేనేసినంత సుత లేదు. ఇంకింత ఎయ్యి," అంది.

ఇంకింత వేశాను.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు యుద్ధం నడుస్తోంది, బియ్యం రేషన్లో దొరుకుతున్నాయి, అందులో రాళ్ళే ఎక్కువ. పిడికెడు మాత్రం తప్పలేదు. నేను మళ్ళీ కాజాలు కుడుతున్నాను. బరువులెత్తను, వంగను, పడ్డ సూదిని ఇప్పటికీ దొరసానిలాగానే కూర్చుని తీసుకుంటాను. నా వీపు మీది ఎత్తు కనబడకుండా మా ఆయన రవికకు వెనకవైపు రెండు మడతలు పెట్టి కుడతాడు. ఆ కత్తిరింపు ఆయనకు తప్ప హైదరాబాదులో ఇంకే దర్జీకీ రాదని నా నమ్మకం. ఆదివారం ఆయనా నేనూ నెమ్మదిగా పంజాగుట్ట దాకా నడిచి మందిరానికి వెళ్తాం. రత్నమ్మ పక్కనే కూర్చుంటాను. ఆమె మంచిదే, ఆమెకు తెలియనిది చెప్పింది, అంతే. లచ్చవ్వ శుక్రవారం తన గడపకు పసుపు రాసుకుంటుంది, మా పండుగకు మా ఇంట్లో వంటకు వస్తుంది. నేను ఏసు ప్రభువును ఎప్పటికన్నా ఎక్కువగా ప్రేమిస్తున్నాను. ఎందుకు ఇలా చేశావని మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంటాను.

జబ్బు మనిషి ఉన్న ఇంటివాళ్ళకు నేను చెప్పదలచింది ఒక్కటే. మీవాళ్ళు నొప్పితో విసిగి, ప్రార్థన వద్దు, దేవుడు వద్దు అన్నారనుకోండి. వాళ్ళతో వాదించకండి, కారణాలు వెతికి చెప్పకండి, భయపెట్టకండి. పొద్దున పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు వాళ్ళ పిడికెడు మీరు తీసి, వాళ్ళ పేరు చెప్పి వేయండి. వాళ్ళు లేచి వచ్చి వేసుకునేదాకా వేస్తూ ఉండండి.